బల్ల వదలని వదిన

మా వదినకి కోపం తెప్పించడం ఏమంత కష్టం కాదు. పాత వాచీ ఒకటి చేతికి పెట్టుకుని మా కొట్లోకి వచ్చి, "నడుస్తోంది కదండీ, ఇప్పుడు విప్పడమెందుకు?" అంటే చాలు. ఒంటికాలి మీద లేస్తుంది.

"నడుస్తోందా? లోపల నూనె ఎండిపోయి ఏళ్ళయింది. చక్రాల ఇరుసులు పొడిగా రాసుకుంటూ రోజూ కొంచెం కొంచెం అరుగుతున్నాయి. ఆగిపోయాక తెస్తే నేనేం చెయ్యాలి, వైద్యం చెయ్యాలా, కూర్చుని ఏడవాలా?"

వచ్చినవాడు ఎంత పెద్దవాడైనా ఆవిడకి లెక్కలేదు. కౌంటరు దగ్గర కూర్చునేది నేను కాబట్టి వాళ్ళ మొహాలు నేను చూడాలి. "నోరే అలాంటిదండీ, చెయ్యి మంచిది" అని సర్దిచెప్పడం ఇన్నేళ్ళుగా నా ఉద్యోగం. అలా చెప్పీ చెప్పీ నా నోరూ ఆవిడ నోటిలాగే తయారైందని మా ఆయన అంటాడు. ఆయన మాటకేం గానీ, అందులో కొంత నిజముంది.

వదిన అంటే మా ఆయనకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. ఆవిడ మా ఇంట్లో ఉంటోందని చుట్టాలు అంటుంటారు. నిజానికి ఆవిడ ఇంట్లో మేముంటున్నాం. ఆ ముక్క ఆవిడ ఒక్కసారి కూడా పైకి అనలేదు, అలాగని మమ్మల్ని మరిచిపోనివ్వనూ లేదు.

వయసులో ఉన్నప్పుడు వదిన గడియారాల ఫ్యాక్టరీలో పనిచేసేది. పొడుగాటి హాలు, వరసగా బల్లలు, ఒక్కో బల్ల ముందు కంటికి భూతద్దం తగిలించుకున్న ఆడపిల్ల. ఆ కాలంలో పెళ్ళిసంబంధాలు రాకపోలేదు. వచ్చిన పెళ్ళికొడుకు చేతికున్న వాచీ ఒకసారి విప్పి ఇమ్మని, వెనక మూత తిప్పి చూసేదట. మట్టి, చెమట గడ్డకట్టి ఉంటే, "ఒంటి మీదున్న వస్తువునే చూసుకోడు, నన్నేం చూసుకుంటాడు?" అని మొహం మీదే చెప్పేసేది. ఒకాయన మాత్రం అద్దంలా తుడిచిన వాచీతో వచ్చాడట. "అది అరువు తెచ్చుకున్న వాచీ, పట్టీ ఆ చేతికి సరిపోలేదు" అని ఆయన్నీ పంపించేసింది.

తర్వాత బ్యాటరీ వాచీలొచ్చాయి, ఫ్యాక్టరీ మూతపడింది. అక్కడ పనిచేసిన వాళ్ళలో చాలామంది కుట్టుమిషన్లు కొనుక్కున్నారు. మా వదిన మాత్రం ఫ్యాక్టరీ సామాను అమ్మేస్తుంటే వెళ్ళి, తను కూర్చున్న బల్లనే కొనుక్కుని బండి మీద ఇంటికి తెచ్చుకుంది. ముందుగదిలో కిటికీ పక్కన వేసుకుంది, ఆ గదే మా కొట్టయింది. ఇంక ఈ వాచీల కాలం అయిపోయిందని లోకమంతా చెబుతుంటే, "లోకానికి అయిపోయిందేమో, నాకు అవలేదు" అందట.

మా ముందుగదిలోకి వస్తే ఆ గది చట్టాలు తెలిసి ఉండాలి. ఎంత ఎండలైనా ఫ్యాను వెయ్యకూడదు. తుమ్మొస్తే వీధిలోకి పరిగెత్తాలి. స్క్రూ ఒకటి జారి పడిందా, ఎక్కడివాళ్ళు అక్కడ అడుగు కదపకుండా మోకాళ్ళ మీద కూర్చోవాలి, వచ్చినవాడు ముఖ్యమంత్రి అయినా సరే. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఈ ఇంట్లో అందరూ నేల మీద పాకుతూ కనిపించారు. ఏం ఇంటికి వచ్చిపడ్డానురా దేవుడా అనుకున్నాను.

ఆవిడ దగ్గరికి వచ్చేవి చాలావరకు పాత ఖరీదైన వాచీలే. బంగారం కేసులు, వెండి ముళ్ళు, కీ ఇస్తే నడిచేవి. అవంటే ఆవిడకి ఇష్టం బంగారాన్ని చూసి కాదు. వాటిని చేసినవాళ్ళు, ఇంకెవరో ఎప్పుడో విప్పుతారని తెలిసి చేశారట. ప్రతి ముక్కా స్క్రూతో బిగించి ఉంటుంది, ప్రతి ముక్కా ఊడొస్తుంది, కడిగి నూనె పెడితే తిరిగి అమరుతుంది. "అతికించిన వస్తువు ఒక్కసారే బతుకుతుంది పిల్లా, విప్పే వస్తువు ఎన్నిసార్లయినా బతుకుతుంది" అనేది. నాకు మనవలు పుట్టినా ఆవిడకి నేను ఇంకా పిల్లనే.

చెయ్యి వణకడం మొదట చూసింది నేను. పొద్దున కాఫీ కప్పు సాసరు మీద పెడుతుంటే టకటకమని చప్పుడైంది. మర్నాడూ అయింది. ఆ తర్వాత సాసరు తీసెయ్యమంది. పట్టకారు పట్టుకున్నప్పుడు మొన దగ్గర ఆ వణుకు ఇంకా పెద్దదిగా కనబడేది.

"వదినా, ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదూ?"

"ఏం, పని జరుగుతోంది కదా?"

"నడుస్తోంది కదా అన్నవాళ్ళని నువ్వు ఎన్నెన్ని మాటలంటావు! మరి నీ చెయ్యి ఎప్పుడు విప్పించుకుంటావు?"

మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు. మాట్లాడాక కూడా ఆ మాట తప్ప అన్నీ మాట్లాడింది.

మా ఆయన వడ్రంగి. కళ్ళు చెదిరే పనివాడు కాదు, నిలకడైన పనివాడు. ఆయనతోపాటు పనిచేసే ముసలాయన ఒకడు వణికే చేత్తోనే రంపం మిషను దగ్గర నిలబడి వేళ్ళు పోగొట్టుకున్నాడు. మా ఆయన అది కళ్ళారా చూశాడు. అందుకే అక్క చెయ్యి చూసిన రోజే భయపడ్డాడు, భయపడితే ఆయనకి కోపం వస్తుంది.

"అక్కా, ఈ ఖరీదైన వాచీలు ఇంక వద్దు. పట్టీలు, బ్యాటరీలు అమ్ముకుందాం. పాడైతే కొనివ్వగలమా? కొనిద్దామన్నా దొరుకుతాయా?"

"నా చేతిలో ఇంతవరకూ ఏదైనా పాడైందా?"

"ఇంతవరకూ కాలేదు."

"అయితే విను. ఒక్క వాచీ, ఒక్కటంటే ఒక్కటి నా చేతిలో పాడైతే, ఈ బల్ల నువ్వే ఎత్తుకుపో. అప్పటిదాకా నోరు మూసుకో."

ఆయన నోరు మూసుకున్నాడు. కానీ ఆ మాటని జేబులో వేసుకుని మరీ వెళ్ళాడు. ఆవిడ ఒంటరి బతుకుకి ఆ బల్లే ఇల్లూ వాకిలీ అని మా ఇద్దరికీ తెలుసు. అది పోతే ఆవిడ మంచం ఎక్కుతుందని నా భయం, ఉంటే ఎవరి సొమ్మో పాడుచేసి తలెత్తుకోలేక చస్తుందని ఆయన భయం.

ఆ వారమే ఒక లాయరమ్మ వచ్చింది. నల్లకోటు చేతి మీద వేసుకుని, రుమాల్లో చుట్టిన వాచీ తీసి కౌంటరు మీద పెట్టింది. పల్చటి బంగారు వాచీ. డయలు ఒక పక్క పసుపు తిరిగింది. తను ఏ పెద్దావిడ దగ్గర పని నేర్చుకుందో ఆవిడదట. కోర్టులో వాదన మొదలుపెట్టే ముందు ఆవిడ వాచీ విప్పి బల్ల మీద పెట్టేదట. అది పెడితే అవతలి పక్షం వాళ్ళు సర్దుకుని కూర్చునేవారట. ప్రాక్టీసు మానేసిన రోజున దాన్ని తీసి ఈవిడ చేతికి కట్టింది.

"షోరూంకి తీసుకెళ్ళానండి. డయలు మారుస్తాం, ముళ్ళు మారుస్తాం, పాలిష్ పట్టి కొత్తదానిలా ఇస్తాం అన్నారు. అలా అయితేనే తీసుకుంటారట, వాళ్ళ పద్ధతి అది. నాకు కొత్తదానిలా వద్దు. కొత్తది కావాలంటే కొనుక్కోలేనా?"

వదిన లోపల్నుంచే వింటోంది. లేచి వచ్చి వాచీ అందుకుంది. కేసు అంచుల మీద బొటనవేలు ఆనించి చూసింది. పాలిష్ పట్టినప్పుడల్లా కొంచెం బంగారం పోతుంది. నాలుగుసార్లు పట్టేసరికి అంచులన్నీ చప్పరించిన బిళ్ళలా అయిపోతాయి. ఈ వాచీ అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. వదిన మొహం విచ్చుకుంది. ఇంక ఆవిడ్ని ఆపడం నా వల్లా, మా ఆయన వల్లా అయ్యే పని కాదని నాకు అర్థమైంది.

విప్పడం బాగానే జరిగింది. కడగడం, అరిగిన ఇరుసు సానపట్టడం, ఇరుసుల మొనలు తిరిగే చిన్న రాళ్ళలో సూది మొనంత నూనె పెట్టడం, అన్నీ బాగానే జరిగాయి. మిగిలింది బ్యాలెన్సు చక్రం. దానికి ఒక స్ప్రింగు ఉంటుంది, తలవెంట్రుక కంటే సన్నం, చుట్టలు చుట్టలుగా. వాచీకి గుండె అంటే అదే. ఆ చక్రాన్ని గాల్లో వేలాడదీసి మెల్లగా దించాలి.

నేను వెనకే నిలబడి ఉన్నాను. చెయ్యి ఒక్కసారి గట్టిగా వణికింది. పట్టకారు మొన స్ప్రింగుని తాకింది. చప్పుడేం కాలేదు. వదిన పట్టకారు కింద పెట్టి, చక్రం మీద గాజుగిన్నె బోర్లించి, అలాగే కూర్చుంది.

"పిల్లా, తలుపు వెయ్యి."

తలుపు వేసి వచ్చి భూతద్దంలో చూశాను. సమానంగా విడివిడిగా ఉండాల్సిన చుట్టలు ఒక పక్కకి వచ్చి ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి.

"వదినా, వచ్చేటప్పటికే ఇలా ఉందందాం. ఆవిడకేం తెలుస్తుంది?"

"నాకు తెలియదూ?" అని కసిరి, నా చేతిలో ఫోను లాక్కుంది. "లాయరమ్మా, మీ వాచీలో స్ప్రింగు వంగింది. నేనే వంచాను, నా చెయ్యి వణికింది. వచ్చి చూసుకోండి."

కోర్టు నుంచి తిన్నగా వచ్చిందావిడ. మొహం కందగడ్డలా ఉంది. భూతద్దంలో చూసింది, ఏం అర్థమైందో ఏమో, భూతద్దం కింద పడేసినంత పని చేసింది.

"చేతులు వణుకుతాయని ముందే ఎందుకు చెప్పలేదు?"

వదిన దగ్గర దీనికి జవాబు ఉంటుందని నేను అనుకోలేదు. ఉంది.

"చెప్తే మీరు ఇచ్చేవారా?"

"ఇచ్చేదాన్ని కాదు!"

"అందుకే చెప్పలేదు. తప్పే. తిట్టండి, పడతాను. కానీ తిట్టడం అయ్యాక నా మాట వినండి. ఇప్పుడు మీరు ఇది తీసుకుపోతే ఎక్కడైనా లోపలి యంత్రం మొత్తం తీసేసి కొత్తది పెడతారు. మీ పెద్దావిడ రోజూ కీ ఇచ్చిన యంత్రం చెత్తబుట్టలో పడుతుంది. నాకు వచ్చే వారం దాకా ఇవ్వండి. వంచిన చేతికే ఇది ఎక్కడ వంగిందో తెలుస్తుంది. కోర్టుకెక్కుతారా, ఎక్కండి. వాచీ బాగయ్యాక ఎక్కండి."

"బాగయ్యాక ఎవరైనా కోర్టుకెక్కుతారా?"

"మీరు లాయరు కదా, ఏదో ఒకటి దొరక్కపోదు."

లాయరమ్మకి నవ్వొచ్చింది, వచ్చిన నవ్వుని మింగేసింది. "వచ్చే వారం. అప్పటికి కాకపోతే ఊరుకోను" అని కోటు దులుపుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం మా ఆయన గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే వదిన పిలిచింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు.

"నిన్ను పిలిచింది ఎత్తుకుపోవడానికి కాదురా. ఎత్తు పెంచడానికి."

"ఏమిటీ?"

"బల్ల నా ఛాతీ దాకా రావాలి. మోచేతులు పూర్తిగా ఆనాలి. గాల్లో ఉన్న చెయ్యే వణుకుతోంది, ఆనించిన చెయ్యి అంతగా వణకట్లేదు. ఇందాకటి నుంచీ అదే చూస్తున్నా."

"అక్కా! మాటిచ్చావు. పాడైతే ఎత్తుకుపొమ్మన్నావు."

"పాడైతే అన్నాను. పాడవలేదు, వంగింది."

"సిగ్గులేదూ అలా మాట తిప్పడానికి?"

"లేదు. బల్ల ఉండాలి, సిగ్గు లేకపోయినా ఫర్వాలేదు."

మా ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. వదిన రెండు చేతులూ బల్ల మీద చాపి, తల దాని మీద ఆనించింది. "ఎత్తు, నాతో సహా ఎత్తుకుపో." నాకు అప్పుడు ఎవరి మీద జాలి పడాలో తెలియలేదు. రంపానికి వేళ్ళు పోగొట్టుకున్న ముసలాయన్ని ఆయన తలుచుకుంటున్నాడని నాకు తెలుసు. ఆవిడ వెనక్కి తగ్గదని కూడా తెలుసు. ఆయనే బల్ల వదిలేసి, అన్నం తినకుండా వెళ్ళి పడుకున్నాడు.

తెల్లారి వదిన తనంతట తనే చీర మార్చుకుని, "పద, డాక్టరు దగ్గరికి" అంది. నేను నోరెత్తలేదు, ఎత్తితే మానేస్తుందని. డాక్టరు చేతులు చాపమన్నాడు, గీతలు గీయమన్నాడు, గ్లాసు పట్టుకోమన్నాడు. వయసుతో కొందరికి వచ్చే వణుకేనట. ప్రాణానికి ప్రమాదం లేదు, పూర్తిగా పోయేదీ కాదు. చెయ్యి ఆనించుకుని పని చేసుకోండి, కాఫీ మానెయ్యండి అన్నాడు.

"విన్నావా? పని మానెయ్యమనలేదు" అని దారంతా నాకు చెప్పుకుంటూ వచ్చింది.

కాఫీ ఆ రోజే మానేసింది. మా అందరి ప్రాణాలూ ఆ రోజు నుంచే పోవడం మొదలుపెట్టాయి. కాఫీ లేని మా వదినని భరించడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. పాలు పోసేవాడి మీద, పిల్లి మీద, గోడ మీద అరిచింది. నేను వంటింట్లో దొంగతనంగా తాగుతుంటే వాసన పట్టి, "తాగు తాగు, నాకేం" అంది. ఆ గొంతు విన్నాక నాకు అది గొంతు దిగలేదు.

ఆ మధ్యాహ్నమే మా ఆయన భుజాన పలకలు వేసుకుని వచ్చాడు. వదినని కుర్చీలో కూర్చోబెట్టి, పరాయివాళ్ళ ఇంట్లో కొలతలు తీసుకున్నట్టు టేపు పెట్టి ఛాతీ ఎత్తు కొలిచాడు. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా కొలవడానికి ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ వణుకు ఆయన అరచేతికి తెలిసినట్టుంది. టేపు చుట్టుకున్నాక కూడా ఆ చెయ్యి వదల్లేదు. "నొప్పిగా ఉంటుందా అక్కా?" అన్నాడు. "నొప్పేం లేదురా, చిరాకు" అంది.

బల్ల కాళ్ళకి దిమ్మలు వేశాడు. బల్ల మీద రెండు పక్కలా ఆవిడ చేతుల ఒంపుకి సరిపోయేలా గుంటలు చెక్కి, మెత్తటి తోలు అతికించాడు. వదిన అందులో చేతులు పెట్టి చూసుకుని, "ఎడమ పక్క చెక్క అంచు కొంచెం గరుకుగా ఉంది" అంది. థాంక్స్ చెప్పడం మా ఇళ్ళలో అలవాటు లేదు. ఆయన గొణుక్కుంటూనే మళ్ళీ చిత్రిక పట్టాడు.

మొదట పాత వాచీల్లోంచి తీసిన పనికిరాని స్ప్రింగులు తీసుకుంది. తనే వంచడం, తనే సాపు చెయ్యడం. కొన్ని విరిగాయి. విరిగినప్పుడల్లా ఎవర్నో తిట్టింది, ఎవరో నేను అడగలేదు. లాయరమ్మ చెప్పిన గడువు దగ్గరపడింది. ఒక పొద్దున కిటికీ నిండా వెలుతురు ఉండగా గాజుగిన్నె తీసింది.

ఒక పట్టకారుతో స్ప్రింగుని పట్టుకోవాలి, ఇంకోదాంతో వంగిన చోట తాకీ తాకనట్టు తోయాలి. చేతులు తోలు గుంటల్లో పడుకున్నాయి. వణుకు మొత్తం పోలేదు, పైకీ కిందకీ అలలా వస్తూ పోతూ ఉంది. వదిన అది తగ్గే క్షణం కోసం ఆగింది. తగ్గగానే తాకింది, పెరిగేలోగా వెనక్కి తీసుకుంది. మళ్ళీ ఆగింది. ఒకసారి అంచనా తప్పి ఇంకో చుట్ట కదిలింది. "చచ్చాను" అనుకున్నది నేను, ఆవిడ కాదు. ఆవిడ కంటి భూతద్దం తుడుచుకుని, మళ్ళీ కూర్చుంది. ఎంతసేపయిందో నాకు తెలియదు, కిటికీ మీద ఎండ గోడ మీదకి మారింది. భూతద్దం నాకిచ్చి చూడమంది. చుట్టలు ఒకదాన్నొకటి తాకకుండా, విడివిడిగా, చక్కగా ఉన్నాయి.

చక్రం దించి, బిగించి, కీ ఇచ్చింది. చక్రం ఊగింది. నేను ఏడ్చేశాను. దాచుకోవడం ఎందుకు, గట్టిగానే ఏడ్చాను. "తడి పడుతుంది, అవతలికి పో" అంది వదిన.

గడువుకి మిగిలిన రోజులు బోర్లా పెట్టి, వెల్లకిలా పెట్టి, నిలబెట్టి చూసుకుంది. కొంచెం ముందుకి పరిగెడుతుంటే సర్దింది. అప్పుడు లాయరమ్మకి కబురు పెట్టింది. యజమాని ఎదురుగా ఉండగానే వెనక మూత వెయ్యడం ఆవిడ పద్ధతి. లోపల ఏముందో వాళ్ళు చూడాలంటుంది. ఆ రోజు మా ఆయన కూడా పనికి వెళ్ళకుండా ఇంటి దగ్గరే ఉన్నాడు.

మూత వేసే ముందు వదిన సూది తీసుకుంది. ఈ పనివాళ్ళలో ఒక ఆచారం ఉంది. వాచీ విప్పి బాగుచేసినవాళ్ళు మూత లోపలివైపు కంటికి ఆనని గుర్తు ఒకటి గీస్తారు. తర్వాత విప్పేవాడికి అంతకుముందు ఎవరి చెయ్యి పడిందో తెలియాలని. లాయరమ్మ భూతద్దంలో చూసింది. అప్పటికే అక్కడ ఎవరెవరివో సన్నని గీతలు ఉన్నాయి.

"ఈసారికి వద్దులే అక్కా" అన్నాడు మా ఆయన మెల్లగా. "వంగిన సంగతి రేపెవరైనా పట్టుకుంటే నీ పేరే చెప్తారు."

"ఇంకెవరి పేరు చెప్పాలిరా?"

గీసింది. గీత చివర చెయ్యి వణికింది, గుర్తు తోక వంకర తిరిగింది. నేను చూశాను, లాయరమ్మా చూసింది. కొంచెం సానపట్టి మళ్ళీ గీయొచ్చు కదా అన్నాను. "ఎందుకు? ఇప్పుడు నా చెయ్యి ఇలాగే ఉంది" అని మూత బిగించేసింది.

లాయరమ్మ వాచీ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. తర్వాత చేతికి కట్టుకుంది. కోర్టు సంగతి ఎత్తలేదు.

"మళ్ళీ ఎప్పుడు విప్పించాలమ్మా?"

"ఐదేళ్ళకి."

మా ఆయన బల్ల మీద ఉన్న ఆ చేతుల వంక చూశాడు. నేనూ చూశాను. లాయరమ్మ కూడా చూసి, చూడనట్టు చూపు తిప్పుకుంది.

"అప్పటికి..." అని మొదలుపెట్టి, ఎలా అడగాలో తెలియక, "అప్పటికి ఎవరి దగ్గరికి తీసుకెళ్ళమంటారు?" అంది.

"ఎవరి దగ్గరికో ఏమిటి? ఇక్కడికే తీసుకురండి, నేనే విప్పుతాను" అంది వదిన. నా వైపు తిరిగి, "ఏమే పిల్లా, అలా నిలబడ్డావేం? తర్వాత వాచీ ఇటివ్వు" అంది.